పేనుబంక ఎగురుతుందండీ!

ఎగురుతుంది! నిజంగా ఎగురుతుంది! చిక్కుడు పాదు లేత కొసలకు నల్లగా, జిగటగా, గుంపులు గుంపులుగా అంటుకుని కదలకుండా కూర్చుంటుందే, ఆ పేనుబంకే! రెక్కలు తొడుక్కుని, గాలెక్కి, చేలకు చేలు దాటి వలస పోతుంది! ఇన్నేళ్లూ నాకీ సంగతే తెలియదు. తెలిసిన దగ్గర్నుంచి కాలు నిలవడం లేదు!

అంతా ఒక పసుపు పళ్లెం చేసిన మాయ. డాబా మీద చిక్కుడు పాదు పక్కన పసుపు రంగు ప్లాస్టిక్ పళ్లెం పెట్టి, నీళ్లు పోసి, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపాను. మర్నాడు పొద్దున చూస్తే నీళ్లలో నల్లటి నలుసులు. భూతద్దం పెట్టాను...

అబ్బ! ఏం రెక్కలండీ! కింది పసుపంతా కనిపించేంత పలుచని, తళతళలాడే, సన్నని ఈనెల రెక్కలు! పొట్ట చివర రెండు బుల్లి గొట్టాలు!

పసుపే ఎందుకంటే, ఆ రంగు చూస్తే వాటికి లేత చిగురనిపిస్తుందట. వచ్చి వాలతాయి. సబ్బు కలిసిన నీళ్లు తేల్చి ఉంచవు, మునిగిపోతాయి. జర్మనీలో మోరికె అనే శాస్త్రవేత్త 1951లోనే ఈ పళ్లెం ఉపాయాన్ని లోకానికి చెప్పాడు. మిరప చేలల్లో కర్రలకు కట్టిన పసుపు జిగురు అట్టలు బస్సు కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో! అవీ ఇందుకేనన్నమాట!

ఇంకా వినండి. గుంపు కిక్కిరిసినా, మొక్క ముదిరినా, తల్లి పేనుబంకలు రెక్కలొచ్చే పిల్లల్ని కంటాయి. గుడ్లు కాదు, పిల్లల్నే! అదీ మగదాని ఊసే లేకుండా! పైగా కడుపులో ఉన్న కూతురి కడుపులో అప్పటికే మనవరాలు పెరుగుతుంటుంది! ఇది చదివి పుస్తకం మూసేసి, గదిలో రెండు చుట్లు తిరిగొచ్చి, మళ్లీ తెరిచాను.

అసలు అద్భుతం ఇంగ్లండ్‌లో ఉంది. హార్పెండెన్ ఊళ్లో రోథామ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం. అక్కడ 1964 నుంచి ఒక గొట్టం ఆకాశాన్ని పీలుస్తూ నిలబడి ఉంది! ఎత్తు 12.2 మీటర్లు, అంటే 40 అడుగులు! అడుగున ఫ్యాను తిరుగుతుంటే పైనుంచి గాలి గొట్టంలోకి దిగుతుంది. గాలి జాలీలోంచి వెళ్లిపోతుంది, పురుగులు కింద సీసాలో పడతాయి. వలస కాలంలో రోజూ సీసా మారుస్తారు. మనుషులు కూర్చుని, మైక్రోస్కోపు కింద ఏ పేనుబంక ఏ జాతిదో విడదీస్తారు. ఇలాంటి గొట్టాలు ఇప్పుడు ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో చాలాచోట్ల ఉన్నాయి!

అంత ఎత్తెందుకు? కింద పెడితే పక్క చేను పురుగే పడుతుంది. పైన పట్టిందైతే చుట్టుపక్కల విశాలమైన ప్రాంతానికంతటికీ లెక్క! ఆకు తిప్పి చూస్తే వచ్చేసిన పురుగు కనిపిస్తుంది. ఈ గొట్టంలో రాబోయేది కనిపిస్తుంది! ఆ మాట దగ్గర నాకు ఒళ్లు జలదరించింది.

ముందే తెలియడం ఎంత అవసరమో బొప్పాయిని అడగండి! రింగ్‌స్పాట్ వైరస్‌ను తోటలో తిప్పేది ఈ రెక్కల పేనుబంకలే. కాపురం పెట్టనక్కర్లేదు. రుచి చూద్దామని ఆకులో క్షణకాలం ముక్కు గుచ్చి లేచిపోయినా చాలు, తెగులు అంటుకుంటుంది! ఇంగ్లండ్‌లో చక్కెర బీటుకూ పేనుబంకలు మోసుకొచ్చే వైరస్‌ల బెడదే. చలికాలం వెచ్చగా ఉంటే వలస ముందే మొదలవుతుంది. అందుకే జనవరి, ఫిబ్రవరి చలిని, ఏళ్ల తరబడి గొట్టాల్లో పడ్డ లెక్కలతో కలిపి, ఆ ఏడు వైరస్ ఎంత ఉంటుందో ముందే చెబుతారు. 2021లో ఏమైందో తెలుసా? వైరస్ అంచనా ఒక హద్దు దాటితేనే అన్న షరతుతో, బీటు విత్తనానికి పురుగుమందు పట్టించేందుకు అక్కడి ప్రభుత్వం ప్రత్యేక అనుమతి ఇచ్చింది. తీరా చలి గట్టిగా పడింది, అంచనా ఆ హద్దు దాటలేదు, ఆ మందు వాడనే లేదు! పురుగుల లెక్క ఒక ఏటి మందునే ఆపేసింది! ఎంత గొప్ప సంగతండీ ఇది!

మీరూ చూడండి! దయచేసి చూడండి! గొట్టం అక్కర్లేదు, పసుపు పళ్లెం చాలు. మొక్క కొసల ఎత్తులో పెట్టండి, రోజూ నీళ్లు మార్చండి, రెక్కలున్నవి ఎన్ని పడ్డాయో తేదీ వేసి రాసుకోండి. పూత మీద తేనెటీగలు ముసిరే రోజుల్లో మాత్రం పళ్లెం తీసేయండి. పసుపంటే వాటికీ ఇష్టమే!