ముందు లఘువు, వెనుక గురువు

ముప్పైయేళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడు కమాను పట్టీల గురించి వ్రాయడమేమిటని మిత్రులు విస్తుపోవచ్చు. దీనికంతటికీ కారణం మా అక్కయ్య మనుమడు. టెక్సాసులో పుట్టి పెరిగిన ఇరవై రెండేళ్ళ కుర్రవాడు. తెలుగు వింటే అర్థమవుతుంది గాని, మాట్లాడమంటే "బాగున్నావా తాతా", "తిన్నావా తాతా" దగ్గర ఆగిపోయేవాడు. ఆదివారం ఫోనులో ఆ రెండు ప్రశ్నలూ అయ్యాక మా మధ్య మౌనమే. అక్కయ్య పోయిన తరువాత ఆ పలకరింపు కూడా ఎన్నాళ్ళు నిలుస్తుందోనని నాకు బెంగగా ఉండేది. అటువంటివాడు క్రిందటేడు ఒక పాత షెవర్లే ఎస్-10 పికప్ కొన్నాడు. ఇంజను శక్తి వెనుక చక్రాలు రెండింటికే అందే బండి. దానిని డ్రాగ్ పందేలకు సిద్ధం చేస్తున్నానంటూ "వెనక స్ప్రింగులు..." అని, పై మాట దొరక్క ఆగాడు. ఆ మాట నేనందించాను. అప్పటినుంచి మా ఆదివారాలు గంట దాటుతున్నాయి.

నా దగ్గర ఆ మాటలు ఎక్కడివంటారా? తంబళ్లపల్లెవాడికి పికప్ పరాయి వస్తువు కాదు. తెల్లవారుజామున మల్లయ్యకొండ ఇంకా చీకట్లో ఉండగానే టమోటా పెట్టెలతో మదనపల్లె మార్కెట్టుకు పోయే బండ్ల శబ్దానికే మా ఊళ్ళో చాలామందికి మెలకువ వస్తుంది. ఆ మదనపల్లెలోనే నా పూర్వవిద్యార్థి ఒకడు కమాన్ల పని చేస్తాడు. తొమ్మిదో తరగతిలో సంధులు వాడికి ఎన్నడూ కుదరలేదు. ఇనుప పట్టీల సంధి మాత్రం వాడిలా కుదిర్చేవాణ్ణి నేను చూడలేదు. కమాను అంటే పారశీకంలో విల్లు. వంచిన ఉక్కు పట్టీలను పెద్దదానికింద చిన్నదిగా పేర్చి, నడుమ సెంటరు బోల్టు బిగించి, యూ బోల్టులతో ఇరుసుకు కట్టేస్తే కమాను కట్ట అవుతుంది. అన్నిటికంటె పైది, రెండు చివరలా చుట్ట తిరిగినది, మెయిన్ పట్టీ. ఈ మాటలేవీ నిఘంటువు చూసి నేర్చుకున్నవి కావు, వాడి షాపు బల్లమీద కూర్చుని విన్నవి.

ఇక పందెం సంగతి. తిన్నని బాట, పక్కపక్కన రెండు బండ్లు, మైలులో నాలుగోవంతు దూరం. అంటే 1,320 అడుగులు, మన లెక్కలో 402 మీటర్లు. దీపం పచ్చబడగానే బయలుదేరాలి, ముందు చేరినవాడిది గెలుపు. అమెరికాలో ఈ పందేలకు నియమాలు కట్టి నడిపే సంస్థ 1951లో వాలీ పార్క్స్ పూనికతో పుట్టింది. మనకు దగ్గరలో మద్రాసు పక్కనున్న ఇరుంగాట్టుకోట్టైలో జాతీయ స్థాయి డ్రాగ్ పందేలు జరిగాయి. మలుపులు లేని పందెంలో నేర్పేముందని మొదట నాకూ అనిపించింది. నేర్పంతా మొదటి అరవై అడుగుల్లోనే ఉందని మనుమడు చెప్పాడు. అక్కడ చక్రం నేలను పట్టిందా సరే, పట్టక గిర్రున తిరిగిందా, తరువాత ఇంజను ఎంత గర్జించినా పోయిన కాలం తిరిగి రాదు.

పికప్ పుట్టుకలోనే ఈ పందానికి ఒక విరోధం ఉంది. ఇంజను ముందు, మనిషి ముందు, తోసే చక్రాలు వెనుక. వెనుక ఉన్నదంతా ఖాళీ తొట్టి. చక్రం నేలను పట్టాలంటే దానిమీద బరువుండాలి. ఎద్దులబండి తోలినవారికి ఇది చెప్పనక్కరలేదు. బరువు ఇరుసుకు ముందు ఎక్కువైతే ఎద్దుల మెడలు వంగిపోతాయి, వెనుక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. మూట ఒక జానెడు ఇటో అటో జరిపి ఆ తూకం కుదిర్చేవారు మా నాయన.

బండి ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడు దాని బరువు వెనక్కు ఒరుగుతుంది. బస్సు కదలగానే నిలుచున్నవాళ్ళం వెనక్కు తూలుతామే, అదే. ఎంత ఒరుగుతుందన్నది మూడింటిమీద ఆధారపడుతుంది: ఎంత జోరుగా దూకింది, బరువు కేంద్రం నేలకు ఎంత ఎత్తులో ఉంది, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరమెంత. 1,400 కిలోల బండి అనుకుందాం. నిలుచున్నప్పుడు ముందు 840, వెనుక 560. బరువు కేంద్రపు ఎత్తు ఇరుసుల దూరంలో అయిదోవంతు, దూకుడు గురుత్వాకర్షణలో సగం అనుకుంటే, 140 కిలోలు ముందునుంచి వెనక్కు పోతాయి. అప్పుడు ముందు 700, వెనుక 700. ఛందస్సు చెప్పినవాణ్ణి గనుక నాకు వేరే విధంగా తోచింది: నిలుచున్న పికప్ గలం, ముందు గురువు, వెనుక లఘువు. పరుగుకు అది లగం కావాలి. ఈ మాట మనుమడికి చెబితే గణాలు నేర్పమన్నాడు! ముప్పైయేళ్ళ ఉద్యోగంలో ఏ పిల్లవాడూ నన్ను అడిగి గణాలు నేర్చుకోలేదు.

ఇక్కడ ఒక అపోహ ఉంది. మెత్తని స్ప్రింగులు వేస్తే బరువు ఎక్కువగా వెనక్కు పోతుందని చాలామంది అనుకుంటారట. పోయే మొత్తాన్ని నిర్ణయించేవి పైన చెప్పిన ఆ మూడే. స్ప్రింగులు, షాకులు చేసేదల్లా అది ఎంత త్వరగా, ఎంత నెమ్మదిగా చక్రంమీద దిగాలో చూడడం. అందుకని ముందువైపు, తెరుచుకోవడానికి తేలికగా, మూసుకోవడానికి బిగువుగా ఉండే షాకులు వేస్తారు. తొంభై-పది షాకులని వాటికి పేరు. ముక్కు చటుక్కున లేస్తుంది, వెంటనే కిందపడిపోదు. ఆ లేచి ఉన్న ఒకటి రెండు క్షణాలే వెనుక చక్రానికి ప్రాణం.

అసలు కథ వెనుకవైపు. మనుమడు పంపిన ఫోటో చూపిస్తే మా శిష్యుడు నవ్వి, "బరువు మోసేదానికి చేసిన కమాను అయివారూ ఇది, ఖాళీ బండికి రాయి మాదిరి వుంటుంది" అన్నాడు. నిజమే. మన పికప్ బండ్లను 1.3 టన్నులకో 1.7 టన్నులకో తయారు చేస్తారు. పెట్టెకు సుమారు 30 కిలోలు చొప్పున అరవై పెట్టెలెత్తితే 1,800 కిలోలు. కంపెనీ పట్టీలు చాలవని మరో రెండు వేయించుకునేవారే వాడికి ఎక్కువ. అవి నిండుబండిని నిలబెడతాయి. తిరుగు ప్రయాణంలో ఖాళీ బండి మాత్రం చిన్న గుంతకే వెనుక ఎగిరిపడుతుంది. వానపడిన ఎగువదారిలో ఖాళీ పికప్ చక్రం జారి తిరగడం, అదే బండి టమోటాలతో నింపాదిగా ఎక్కిపోవడం మేము రోజూ చూసేదే. టమోటాలు అక్కడ ఊరికే చేసిపెట్టే పనిని పందెగాడు నానా ఉపాయాలతో సాధించాలన్నమాట.

పట్టీలు తగ్గిస్తే సరిపోతుందా అంటే, ఇంకొక చిక్కుంది. చక్రం ముందుకు తిరుగుతుంటే దానిని తిప్పే ఇరుసు గూడు ఎదురుదిక్కుకు తిరగబోతుంది, దాని ముక్కు పైకి లేస్తుంది. గూడు కట్టి ఉన్నది కమాన్లకే కనుక అవి పాములా రెండు వంకరలు పోతాయి. వంగిన ఉక్కు వంగి ఊరుకోదు గదా, విడిపించుకుని తంతుంది. మళ్ళీ వంగుతుంది, మళ్ళీ తంతుంది. చక్రం నేలమీద గెంతులేస్తుంది. మనుమడి బండికి మొదట ఉన్న జబ్బు ఇదే. మెత్తని కమానుకు ఇది మరింత ఎక్కువ. అంటే చక్రం నేలను అంటిపెట్టుకోవడానికి మెత్తదనం కావాలి, మెలిక పడకుండడానికి గట్టిదనం కావాలి. ఒకే పట్టీ రెండూ ఎలా అవుతుంది?

దీనికి పందెగాళ్ళు కనిపెట్టిన ఉపాయం నాకు మహా ముచ్చటగా తోచింది. కమానుకు ఇరుసు ముందున్న సగం పట్టీలను క్లాంపులతో గట్టిగా బిగించేస్తారు. వెనుక సగాన్ని వదులుగా వదిలేస్తారు. ముందు సగం మెలికను ఆపుతుంది, వెనుక సగం మెత్తగా ఆడుతుంది. అదీ చాలకపోతే ఇరుసునుంచి కమాను కిందుగా ముందుకు ఒక దూలం సాగదీసి, కొసన రబ్బరు ముద్ద పెడతారు. ఇరుసు మెలితిరగబోగానే ఆ ముద్ద మెయిన్ పట్టీ ముందు చుట్ట కింద మోపుకుంటుంది. అక్కడ బండిని పైకి నెడుతుంది, చక్రాన్ని నేలకు నొక్కుతుంది. ఇది విన్న మా శిష్యుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత సుద్దముక్కతో గచ్చుమీద గీసుకుని చూసి, "క్లాంపులతోనే ముందు చూడమనండి, దూలం తర్వాత" అన్నాడు. క్లాంపులతోనే గెంతులు ఆగాయి. మొదటి అరవై అడుగులకు రెండు సెకన్లకు పైగా పడుతున్న కాలం ఆ లోపలికి వచ్చింది.

కుడి చక్రం తగవు మిగిలే ఉంది. ప్రొపెల్లర్ షాఫ్టు తిరిగే దిక్కును బట్టి ఇరుసు మొత్తం ఒరిగి, వెనుక ఎడమ చక్రం నేలకు నొక్కుకుంటుంది, కుడిది తేలుతుంది. అందుకే బ్యాటరీని తీసుకుపోయి కుడి మూలన వెనుక పెడతారు, కుడి కమానుకు గాలితిత్తి కడతారు. అక్కడ డ్రైవరు కూర్చునేది కూడా ఎడమవైపే. మన దేశపు బండి అయితే డ్రైవరే కుడివైపు బరువు అయ్యేవాడు!

బరువు వెనక్కు పోవడం మంచిదే గాని దానికీ ఒక హద్దుండాలి. 1960లలో డాడ్జి కంపెనీ ఏ-100 అనే చిన్న పికప్‌లో పెద్ద హెమీ ఇంజనును డ్రైవరు గది వెనుక దింపి లిటిల్ రెడ్ వ్యాగన్ అని పేరు పెట్టారు. బయలుదేరగానే దాని ముందు చక్రాలు ఆకాశానికి లేచాయి. బిల్ గోల్డెన్ అనే ఆయన దానిని ఏళ్ళ తరబడి వెనుక చక్రాలమీదే పరుగెత్తించి జనాన్ని అలరించాడు. పందెపు బండి కావలసింది ప్రదర్శన బండి అయింది.

ఇదంతా వినోదంగానే సాగుతుండగా మా ప్రాంతంలో ఒక సంగతి జరిగింది. ఒక కుర్రవాడు ఫోనులో వీడియోలు చూసి, బండి కిందికి దిగి అందంగా కనబడాలని తన పికప్ వెనుక పట్టీలు తీయించాడు. మా శిష్యుడు కుదరదంటే మరోచోట చేయించుకున్నాడు. పందేనికి పోతే పోనీ అనుకోవచ్చు. ఆ బండికే టమోటా పెట్టెలెత్తాడు. మలుపులో తొట్టి దిగి టైరుకు రాసుకుంది, టైరు పేలింది, బండి పక్కకు పడింది. కుర్రవాడి కాలు విరిగింది. 2023 జులైలో టమోటా కిలో 100 రూపాయలు దాటినప్పుడు పెట్టెపెట్టెకూ కాపలా ఉన్నవాళ్ళం. ఆ రోజు పెట్టెలు రోడ్డుపాలై ఉంటే ఎవరూ వాటివంక చూడలేదు.

ఆ ఆదివారం ఈ సంగతి మనుమడికి చెప్పాను. వాడు చాలాసేపు ఊరుకుని, "తాతా, ఆ అబ్బాయి మళ్ళీ నడుస్తాడా?" అన్నాడు. బండి మాట లేకుండా, నేనందించకుండా, వాడు నాతో పలికిన మొదటి పూర్తి వాక్యమది. నడుస్తాడని వైద్యులు చెప్పారన్నాను. వాడి బండితో స్నేహితుల ఇంటి సామాను కూడా మోస్తుంటాడని అప్పుడే తెలిసింది. ఇక మోయడట.

మా శిష్యుడికి ఆ మాట చేరవేస్తే అంతటితో ఊరుకోలేదు. "తీసే పట్టీలు పారేయొద్దని చెప్పండి అయివారూ. ఏ వైపుది ఆ వైపుకే, సుద్దతో గుర్తేసి కట్టి పెట్టమనండి. బరువెత్తే పనిబడితే మళ్ళీ ఎక్కించుకోవల్ల గదా" అన్నాడు. రెండువైపులా ఒక్కొక్క పట్టీ తీసి, గుర్తులు వేసి కట్టిపెట్టాడట. పట్టీ తగ్గేసరికి సెంటరు బోల్టు పొడుగైపోయింది, కురచది తెప్పిస్తున్నాడు.