వర్జీనియాలో వడ్రంగి తుమ్మెదలు

పిల్లలూ, అమెరికా తూర్పు తీరాన వర్జీనియా అనే రాష్ట్రం ఉన్నది. అక్కడి బ్లూ రిడ్జ్ కొండలు దూరం నుంచి చూస్తే పేరుకు తగ్గట్టు నీలంగానే కనబడతవి. ఆ కొండల దిగువన పల్లెల్లో ఇళ్ళూ, వసారాలూ, గడ్డి దాచే కొట్టాలూ చాలావరకు చెక్కతో కట్టినవే. ఏప్రిల్ నెలలో మీరు అలాంటి వసారాలో నిలబడ్డారనుకోండి. చూరు కింద నుంచి బొద్దు తుమ్మెద ఒకటి వచ్చి, మీ ముఖం ఎదట గాలిలో నిలబడి ఝుమ్మంటుంది. భయపడకండి! దాని ముఖాన తెల్లమచ్చ ఉంటే అది మగది. దానికి కొండి లేదు, ఉత్త బెదిరింపే. కొండి ఆడదానికి ఉన్నది గాని, దానికి మిమ్మల్ని పట్టించుకునే తీరిక లేదు.

తలెత్తి దూలం కేసి చూడండి. వడ్రంగి బరమాతో తొలిచినట్టు అర అంగుళం వెడల్పున గుండ్రని బెజ్జం! కింద నేల మీద పొట్టు. తుమ్మెద చెక్కను తినదు, కొరికి పారేస్తుంది. కాస్త లోపలికి పోయి, మలుపు తిరిగి, సొరంగం తవ్వుతుంది. పుప్పొడీ తేనే కలిపిన ముద్ద ఉంచి, దానిపై గుడ్డు పెట్టి, పొట్టుతో గోడ కడుతుంది. మళ్ళీ ముద్ద, మళ్ళీ గుడ్డు, మళ్ళీ గోడ. ఒక్క బెజ్జంతో ఇల్లు కూలదు. కాని మరుసటి ఏడు అదే సొరంగం ఇంకా పొడుగవుతుంది. పైగా లోపలి పురుగుల కోసం వడ్రంగి పిట్ట వచ్చి దూలాన్నే చీల్చి పెడుతుంది.

దీనికి అక్కడివాళ్ళు చవకలో ఒక బోను చేస్తారు. పాత చెక్కతో చిన్న పెట్టె, దాని పక్కల్లో అర అంగుళం బెజ్జాలు. వాటిని తిన్నగా కాక, లోపలికి పోయేకొద్దీ పైకి లేచేట్టు ఏటవాలుగా తొలుస్తారు. అందువల్ల లోపల చీకటి. పెట్టె అడుగున మరో కన్నం, దానికి బిగించిన గాజు సీసా. అంతే! సిద్ధంగా ఉన్న ఇల్లు దొరికిందని తుమ్మెద దూరుతుంది. తిరిగి పోదామంటే వెలుతురు కనబడేది కింద సీసాలోనే. వెలుతురే దారి అనుకుని దిగుతుంది. ఇక గాజుకు కొట్టుకోవడమే తప్ప, పైనున్న చీకటి దారి దానికి తోచదు.

అయితే ఈ బోనుకు మంచీ చెడూ తెలియవు. పాపం, మగవీ పడతవి, వేరే ఈగలూ పడతవి. అక్కడి అడవి కృష్ణకమలం పూలు కాయలు కాయాలంటే ముఖ్యంగా ఈ తుమ్మెదలు రావాలి. టమాటా పూలను కూడా అవి ఝుమ్మని అదిలించి పుప్పొడి రాలుస్తవి. అందుచేత తెలిసినవాళ్ళు ముందు చెక్కకు రంగు వేస్తారు. రంగు వేసిన చెక్క జోలికి తుమ్మెద సాధారణంగా పోదు. బోను పెట్టినా ఇంటి చూరుకే కడతారు, తోటలో కట్టరు. తోట మూల ఒక ఎండు దుంగను తుమ్మెదలకే వదిలేస్తే ఇంకా మేలు.

మన నల్ల తుమ్మెదలు కూడా ఈ కులానివే. పందిరిలో ఎండు వెదురుకు గుండ్రని బెజ్జం కనబడితే, వేలు మాత్రం పెట్టకండి. కాస్త ఎడంగా నిలబడి వినండి. లోపల కరకరమని పని జరుగుతూ ఉంటుంది.