హాజరు పట్టీలోని పేర్లు

వాణిజ్యశాస్త్రం చదువుతున్న మన కళాశాల విద్యార్థులు మమ్మల్ని కలిసినప్పుడు తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. సిబ్బంది శాఖలో ఉద్యోగం దొరుకుతుందా అన్నది మొదటిది. దొరికిన పిమ్మట విసుగు పుట్టకుండా ముప్పయి సంవత్సరాలు ఎట్లా గడుస్తాయన్నది రెండవది. మొదటి ప్రశ్నకు పత్రికలలోని ప్రకటనలే జవాబు చెబుతాయి. రెండవ దానిని గురించి మాకు తెలిసినంత మేరకు ఇక్కడ వ్రాస్తున్నాము.

ఈ వృత్తికి కాలానుగుణంగా పేర్లు మారాయి. మొదట కార్మిక సంక్షేమాధికారి అన్నారు. తరువాత పర్సనల్ ఆఫీసరు అన్నారు. ఇప్పుడు మానవ వనరుల అధికారి అంటున్నారు. బొగ్గు వలె, నీటి వలె మనిషిని కూడా వనరు అనడం మాకు ఎన్నడూ రుచించలేదు. అది అట్లా ఉంచి, ఈ ఉద్యోగం ఎందుకు పుట్టిందో విద్యార్థులు తెలుసుకోవడం మంచిది. వెనుకటి మిల్లులలో కార్మికుణ్ణి చేర్చుకొనేదీ, తీసివేసేదీ మేస్త్రీయే. పని ఇప్పించినందుకు మామూలు, పని నిలిపినందుకు మామూలు, సెలవు నుండి తిరిగి వస్తే మళ్లీ మామూలు. 1929లో ఏర్పడి 1931లో నివేదిక ఇచ్చిన కార్మిక రాయల్ కమిషన్, నియామకాలను మేస్త్రీ చేతిలో నుండి తప్పించడానికి ప్రత్యేకంగా కార్మికాధికారి ఉండాలని సూచించింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ ప్రకారం 500 మంది, అంతకు మించి కార్మికులున్న కర్మాగారాలలో సంక్షేమాధికారి నియామకం తప్పనిసరి అయింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను 250కి తగ్గించింది. లంచం ఇచ్చుకోలేని పేదవానికి కూడా పని దొరకాలనే తలంపుతో వేసిన కుర్చీ ఇది. ఆ కుర్చీలో కూర్చున్నవారిలో ఎందరికి ఈ సంగతి గుర్తుంటుందో చెప్పలేము.

ఉర్దూ, తెలుగు రెండూ ఎరిగిన మన విద్యార్థులకు ఈ శాఖలో ఒక సౌలభ్యం ఉంది. హాజరు, దరఖాస్తు, సిఫారసు, జామీను, సంజాయిషీ, రాజీనామా, బర్తరఫు - చేరిక మొదలు తొలగింపు దాకా ఇక్కడ వినబడే మాటలలో చాలా భాగం ఉర్దూ వాకిట నుండి వచ్చినవే. ఉర్దూలో తన్‌ఖాహ్ అంటే జీతం. తెలుగులో తనఖా అంటే కుదువ. మేమెరిగిన కార్మికులలో పలువురికి నెలలో ఇరవయ్యో తేదీ దాటేసరికి ఈ రెండర్థాలూ ఒకటే అయిపోయేవి.

మేము మొదట చేరింది కృష్ణా డెల్టాలోని ఒక చక్కెర కర్మాగారంలో. శీతకాలంలో గానుగ సీజను మొదలైతే వేసవి ముఖం పట్టేవరకు రాత్రింబగళ్లు మిల్లు ఆగరాదు. కోసిన చెరకు ఒక రోజుకు మించి ఎండలో పడి ఉంటే రసంలో పంచదార పాలు తగ్గుతుంది; రైతుకూ నష్టమే, మిల్లుకూ నష్టమే. సీజను కార్మికులు ఆరు నెలలు పనిచేసి, మిగిలిన కాలం తిరిగి పిలుపు వచ్చేదాకా కొంత భృతి పుచ్చుకొని ఊళ్లలో ఉంటారు. ఆ పిలుపు ఎవరికి ముందు, ఎవరికి వెనుక అన్నది సిబ్బంది శాఖలోని జాబితాను బట్టి ఉంటుంది. జాబితాలో ఒక పేరు క్రిందికి జారితే ఆ ఇంటిలో ఆ ఏడు పెళ్లి ఆగిపోవచ్చును.

ఏడెనిమిది సంవత్సరాలు గడిచేసరికి మాకు విసుగు పుట్టిన మాట నిజం. ఉదయం చార్జిషీటు, మధ్యాహ్నం విచారణ, సాయంత్రం సంజాయిషీ. యాజమాన్యం మమ్మల్ని కార్మికుల మనుషులనుకొనేది. కార్మికులు యాజమాన్యం చెవులనుకొనేవారు. ఉత్సాహం నింపడానికి అప్పుడప్పుడు నగరాలలోని హోటళ్లలో రెండు రోజుల శిక్షణ శిబిరాలు పెట్టేవారు. ఉపన్యాసాలు బాగుండేవి, భోజనం ఇంకా బాగుండేది. శనివారం నింపిన ఉత్సాహం సోమవారం మధ్యాహ్నానికి అడుగంటేది. అట్టి శిబిరాలు వ్యర్థమని మేము అనము. అవి నింపింది నిలవడానికి తగిన పాత్ర మా దగ్గర అప్పటికి లేదు.

ఆ రోజులలోనే వి.వి. గిరి గారిని గురించి శ్రద్ధగా చదివాము. 1894లో బరంపురంలోని తెలుగు కుటుంబంలో పుట్టి, రైల్వే కార్మికులకు నాయకుడై, 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయినవారు. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో ఆ పదవిని వదులుకున్నారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. తగవును ట్రిబ్యునలుకు పంపడానికి ముందు ఉభయులూ ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకోవాలన్నది ఆయన పట్టుదల. గ్రంథాలలో అది పెద్ద సిద్ధాంతం. మాకు మాత్రం ఒక సెలవుల జాబితా దగ్గర అది అక్కరకు వచ్చింది.

1999లోను, 2000లోను జనవరి మాసంలో సంక్రాంతి, రంజాన్ పండుగలు వారం రోజుల వ్యవధిలో వచ్చాయి. రెండు పండుగలూ గానుగ ముమ్మరంగా సాగే రోజులలో పడ్డాయి. బాయిలర్ల దగ్గర, పాన్‌ల దగ్గర నైపుణ్యం గల పనివారు పరిమితంగా ఉంటారు. వారి బదులు ఎవరినో నిలబెట్టడానికి వీలు లేదు. సెలవులన్నీ రద్దు చేస్తున్నట్లు నోటీసు అంటించమని పైనుండి సూచన వచ్చింది. ఒక్క రోజు గడువు అడిగి, రెండు సంఘాల పెద్దలను కాంటీనులో కూర్చోబెట్టాము. టీ మూడుసార్లు తిరిగింది. భోగి, సంక్రాంతి, కనుమ రోజులలో షిఫ్టులు మేము చూసుకుంటామని సాహెబులు ముందుకు వచ్చారు. ఈద్ నాటి షిఫ్టులతో పాటు, రంజాన్ నెల చివరి పది రాత్రుల పనీ తాము చేస్తామని మిగిలినవారు ఒప్పుకున్నారు. ఎవరి బదులు ఎవరో వారే పేర్లు చెప్పారు; మేము వ్రాసుకున్నాము. రెండు సంవత్సరాలలోనూ ఆ వారంలో మిల్లు ఒక్క గంట కూడా ఆగలేదు. నోటీసు బల్ల సొరుగులోనే ఉండిపోయింది.

అయినా మమ్మల్ని ఈ వృత్తిలో గట్టిగా కట్టివేసినది ఇంకొక సంగతి. బాయిలర్ విభాగంలో ఒక కార్మికుడు హఠాత్తుగా మరణించాడు. మేము చేరకమునుపే తయారైన ఆయన సర్వీసు పుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరాలతో ఒక విధంగా, రేషను కార్డులో మరొక విధంగా ఉంది. భవిష్య నిధి పత్రంలో నామినీగా తల్లి పేరు. ఆమె అప్పటికే గతించింది. వివాహానికి పూర్వం వ్రాసిన నామినేషన్ వివాహంతో చెల్లకుండా పోతుందని నిబంధన. ఆ సంగతి ఆయనకు చెప్పినవారు లేరు, క్రొత్తది వ్రాయించినవారూ లేరు. 1995 నవంబరు 16 నుండి అమలులోకి వచ్చిన పింఛను పథకం క్రింద భార్యకు రావలసిన పింఛను, రెండు పేర్లూ ఒక మనిషివేనని రుజువు చేసేదాకా నిలిచిపోయింది. ఆమె ఇద్దరు పిల్లలతో ఏడాదికి పైగా కార్యాలయాల చుట్టూ తిరిగింది. ఆమె దగ్గరున్న నిఖానామా ఉర్దూలో ఉంది. మన కళాశాల ఉర్దూ అధ్యాపకులొకరు దానిని ఉచితంగా అనువదించి పెట్టారు. పింఛను మంజూరైన నాడు ఆమె మా గదికి వచ్చి, తన కుమారుని పేరు బడిలో ఎట్లా వ్రాయించాలో ఒక కాగితం మీద వ్రాసి ఇమ్మని అడిగింది.

ఆ సంవత్సరం మిల్లు ఆగిన వేసవిలో యంత్రాలకు మరమ్మతులు జరుగుతుండగా, మేము సర్వీసు పుస్తకాలు ముందు వేసుకున్నాము. ఒక్కొక్క కార్మికుణ్ణి పిలిచి, అతని పుట అతనికే చదివి వినిపించాము. మన ప్రాంతంలో షేక్ అన్న ఒక్క మాట ఎన్ని రూపాలెత్తుతుందో అప్పుడు తెలిసింది. మీరావలి, మీరావల్లి, మీరా వలి అని ఒకే మనిషికి మూడు కాగితాలలో మూడు పేర్లు. పేరు తెలుగు వారి పద్ధతిలో ఇంటిపేరుతో మొదలై, ఇంగ్లీషులోకి పోయేసరికి తలక్రిందులయ్యేది. పుట్టిన తేదీల కథ వేరు. సగం మందికి జూలై 1; అది బడిలో పంతులుగారు వేసిన తేదీ. మిగిలినవారికి తల్లుల జ్ఞాపకమే ఆధారం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనకు వాడు చంకలో ఉన్నాడని ఒక తల్లి. కాగితాలన్నీ ఆ నీటిలోనే పోయాయని ఇంకొక తల్లి. చదువుతూ, దిద్దుతూ, వ్రేలిముద్రలు తీసుకొంటూ రెండు నెలలు గడిచాయి. ఆ రెండు నెలలలో విసుగన్నది మాకు గుర్తు రాలేదు. ఆ తరువాత ఏ సంస్థలో పనిచేసినా వేసవిలో ఈ పని మానలేదు.

విజయవాడలోని సంస్థకు మారిన తరువాత కూడా అదే ఆచారం సాగించాము. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. మా సిబ్బందిలో పలువురివి ఆ పేటలే. నీరు తీసిన తరువాత వారు తెచ్చి చూపిన పదవ తరగతి పత్రాలు అట్టలు కట్టి, అక్షరాలు కరిగిపోయి ఉన్నాయి. మా బీరువాలోని నకళ్లు పొడిగా ఉన్నాయి. వారం రోజులు ఆ నకళ్లను తిరిగి తీసి, సంతకం పెట్టి ఇచ్చుటతోనే మాకు సరిపోయింది. ఒక డ్రైవరు తన నకలును అక్కడికక్కడే ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చొక్కా లోపల దాచుకున్నాడు.

2014 నుండి భవిష్య నిధి సభ్యులకు పన్నెండు అంకెల సంఖ్య వచ్చింది. పని తేలికయింది, కాని ఆధార్‌లోని పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా కంప్యూటరు దయతలచదు. పూర్వపు గుమాస్తాను బ్రతిమాలుకొనే వీలైనా ఉండేది. ఇప్పటికీ మా బల్ల ముందుకు వచ్చేవారిలో పేరు దిద్దించుకొనేవారే ఎక్కువ. వారిలో మన కళాశాల పూర్వవిద్యార్థులూ ఉన్నారు.

అందువలన కళాశాల కమిటీ వారికి ఒక మనవి. డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులకు పరీక్షలకు ముందు ఒక శనివారం కేటాయించండి. మేము మరి ఇద్దరు మిత్రులతో వచ్చి, ప్రతి ఒక్కరి పేరును తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు లిపులలో సరిచూసి పెడతాము. విద్యార్థులు పదవ తరగతి మార్కుల పత్రం, ఆధార్ కార్డు, తల్లిదండ్రుల ఆధార్ కార్డులు వెంట తెచ్చుకొంటే చాలును. తండ్రి ఎక్కడైనా ఉద్యోగం చేస్తుంటే ఆయన నామినేషన్ పత్రం నకలు కూడా తీసుకొని రావలెను.