అచ్చు... అచ్చం కప్పలాగే!

ఆదివారం పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని తెల్లటి పిండి కలుపుతున్నాడాయన. హిందూపురంలో లేత్ మెషీన్ మీద పనిచేస్తాడు. ‘దోసెలకా నాన్నా?’ అంది కూతురు. ‘కాదమ్మా... కప్పకి!’ అన్నాడు.

పిండి ప్లాస్టర్ ఆఫ్ పారిస్. కప్పేమో కొర్రమీను కోసం చేసే మెత్తటి ప్లాస్టిక్ ఎర.

గాలం సరదా ఆయనకు కొత్త కాదు. సొంతూరు పెనుకొండ దగ్గర. చిన్నప్పుడు తండ్రి వెంట చెరువు కట్టకెళ్లి, తడిమట్టి తవ్వి ఎర్రలు ఏరేవాడు. కానీ కరవుసీమలో గాలం వేయాలంటే ముందు చెరువులో నీళ్లుండాలి కదా! ఏళ్ల తరబడి ఆ కర్ర అటకమీదే ఉండిపోయింది. 2016లో హంద్రీ-నీవా నీళ్లు గొల్లపల్లి రిజర్వాయర్‌కి చేరాయి. ఆ తర్వాత వానలూ కలిసొచ్చాయి. కర్ర కిందికి దిగింది. అయితే కొన్న ఎరలు నాలుగు కాట్లకే చిరిగిపోయేవి, లేదంటే నీళ్లలో మునిగిన తుమ్మ కంపకు తగులుకుని తెగిపోయేవి. ‘రోజూ ఇనుముతో పని చేసేవాణ్ని... ఓ కప్పను చేసుకోలేనా?’ అనిపించింది.

వంటింట్లో పుట్టిన వానపాము

ఆ ఆలోచన ఆయనకంటే ముందు ఇంకొకరికి వచ్చింది. ఆయనదీ మెషీన్ పనే! అమెరికాలో ఒహాయో రాష్ట్రం, అక్రన్ నగరం. పేరు నిక్ క్రీమ్. అప్పటిదాకా ఉన్న రబ్బరు ఎరలు గట్టిగా ఉండేవి. 1949లో క్రీమ్ నిజం వానపామును చూసి అచ్చు తీశాడు. భార్య కాస్మాతో కలిసి వినైల్, నూనెలు, రంగులు పొయ్యి మీద కాచి అందులో పోశాడు. నీళ్లలో మెలికలు తిరిగే మెత్తటి పురుగు తయారైంది. 1951 నాటికి పోస్టులో అమ్మకాలు మొదలయ్యాయి. డాలరుకు ఐదు! ఈరోజు ప్రపంచమంతా వాడే మెత్తటి ఎరలకు దారి చూపింది ఆ వంటిల్లే.

హిందూపురం వంటింట్లో మాత్రం ఆ పప్పులుడకలేదు. అచ్చులో పోసే ప్లాస్టిసాల్ చూడ్డానికి అచ్చం పాలలా ఉంటుంది. ‘పాలగిన్నె ముట్టుకుంటే ఊరుకోను’ అంది ఇల్లాలు. ఆమె మాటే సరైనది. దానికి వాడిన గిన్నె మళ్లీ వంటకు పనికిరాదు. ఎక్కువ కాగితే ఘాటైన విషపు పొగ వస్తుంది. అందుకే విడి గిన్నె, విడి పొయ్యి, గాలి ఆడే పెరడు.

ఆరడమే అసలు పని

అచ్చు తీసే పద్ధతి తేలికే. ముందుగా క్లేతో కప్ప బొమ్మ చేయాలి. వెనక కాళ్లు ఎంత సన్నగా ఉంటే నీళ్లలో అంత బాగా ఆడతాయి. బొమ్మను ట్రేలో, పొట్ట కిందికి వచ్చేలా అతికించి వాజిలీన్ రాయాలి. గ్లాసు నీళ్లలో రెండు గ్లాసుల ప్లాస్టర్ కొద్దికొద్దిగా వేసి కలిపి పోయాలి. ట్రేను మెల్లగా తట్టాలి, గాలి బుడగలు పైకి పోయేందుకు. అరగంటలో గట్టిపడుతుంది.

ఆయన తట్టడం మరిచిపోయాడు. మొదటి అచ్చులో కప్ప వీపున చిన్న గుంట. ధర్మవరంలో మగ్గం నేసే మామకు చూపిస్తే నవ్వాడు. ‘జకార్డు అట్టలో ఒక్క రంధ్రం తప్పు పడినా చీర పొడుగునా అదే తప్పు వస్తుందప్పా! నీ కప్పలన్నిటికీ ఇంక వీపున మొటిమే’ అన్నాడు. నిజమే, పది పోస్తే పదింటికీ వచ్చింది.

రెండో అచ్చు నున్నగా కుదిరింది. రెండు రోజులు ఎండబెట్టి, ఆరిందనుకుని, నూటడెబ్బై డిగ్రీలు దాటిన ప్లాస్టిక్ పోశాడు. చిటపటమంటూ ఎగిసింది. పైకి పొడిగానే ఉన్నా లోపల తేమ ఉంది. అది ఒక్కసారిగా ఆవిరై ప్లాస్టిక్‌ను చిమ్మింది. ఓ చుక్క మణికట్టు మీద పడింది. కూతురు అడుగు దూరంలో నిలబడి ఉంది! ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. ఇప్పుడు అచ్చు వారం పైనే ఆరాలి. తర్వాత నీళ్లు కలిపిన ఫెవికాల్ రెండు మూడు పూతలు వేసి మళ్లీ ఆరబెట్టాలి. పోసేటప్పుడు చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు. పాప గడప దాటి రాకూడదు.

ఎర్రటి గుంపు

సొంత కప్ప చేతికొచ్చింది. చెరువును లీజుకు తీసుకున్న మత్స్యకారుల సంఘం వాళ్లనడిగి, తండ్రితో కలిసి పెనుకొండ దగ్గరి చెరువుకెళ్లాడు. గట్టు పక్కన నీటిపై ఎర్రటి చిన్న చేపపిల్లల గుంపు మెరుస్తోంది. దాని పక్కన కప్ప పడిందో లేదో... ధన్‌మని కాటు! కొర్రమీనును గట్టుకు లాగి గర్వంగా తండ్రి వైపు చూశాడు.

ముసలాయన నవ్వలేదు. ‘అది ఆకలై పట్టలేదురా. పిల్లలకు కాపలా ఉండి పట్టింది. దాన్ని తీసుకుపోతే ఆ గుంపును మిగతా చేపలు మింగేస్తాయి’ అన్నాడు.

కొర్రమీను అంతే. పిల్లలు ఎదిగేదాకా కదలకుండా కనిపెట్టుకుని ఉంటుంది. దగ్గరికొచ్చిన కప్పను తరిమికొడుతుంది. కప్ప ఎంత బాగా కుదిరితే తల్లీతండ్రికి అంత ముప్పు! ఆయన కొక్కెం తీసి చేపను నీళ్లలో వదిలాడు. అది నేరుగా గుంపు దగ్గరికే వెళ్లింది.

అప్పట్నుంచి ఎర్రటి గుంపు కనిపిస్తే గాలం చుట్టేస్తాడు. చిరిగిన కప్పల్ని చెరువులో పారేయడు, ఇంటికి తెచ్చి కరిగించి మళ్లీ పోస్తాడు. వానల రోజుల్లో పెరట్లోనే ఉంటాడు.

‘ఈ వారం చేపలకు పోవా నాన్నా?’ అని అడుగుతుంది పాప.

‘అచ్చు ఆరలేదమ్మా’ అంటాడు. అది సగం నిజం.