ముందు ఎంబీఏ చెయ్యాలా?

బీకాం చదివిన అమ్మాయి అమెరికాలో ఫైనాన్స్ పీహెచ్‌డీ చేస్తానంటే ఇంట్లో వినిపించే మొదటి మాట: "ముందు ఎంబీఏ చెయ్యమ్మా." సలహాలో ప్రేమకు లోటు లేదు, లెక్కే కాస్త తప్పింది.

ఎంబీఏ మేనేజర్లను తయారుచేస్తుంది. పీహెచ్‌డీ అడ్మిషన్ల కమిటీ పరిశోధకుల కోసం వెతుకుతుంది. చికాగో బూత్ లాంటి చోట్ల అసలు మాస్టర్స్ తప్పనిసరే కాదు. రియల్ అనాలిసిస్, ఎకనోమెట్రిక్స్‌లలో మంచి మార్కులుంటే మాత్రం దరఖాస్తుకు బలం. ఆ లెక్కన, మాస్టర్స్ చెయ్యాలనుకుంటే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ ఆమెకు ఎక్కువ అక్కరకొస్తుంది. అదే మార్కెటింగ్‌లో కొనుగోలుదారుల మనస్తత్వం మీద పనిచేయాలనుకుంటే సైకాలజీ మేలు.

ఇంతకీ, ఏ మాస్టర్స్ ఎంచుకున్నా ఆ కోర్సులో థీసిస్ ఉందా? బ్రోషర్లో ముందు చూడాల్సింది అదే. "క్లాసులో చురుకైన విద్యార్థిని" అనే సిఫార్సు లేఖలు కమిటీల దగ్గర బోలెడు. థీసిస్ చేయించిన ప్రొఫెసరైతే ఆమె డేటాను ఎలా శుభ్రం చేసిందో, ఏ రిగ్రెషన్ దగ్గర తడబడి ఎలా సరిదిద్దుకుందో రాయగలరు.