పెట్టెలోని పిడుగు

వింత మనుష్యులు ప్రతి దేశమునను, ప్రతి కాలమునను ఉందురు. లోకము వారిని చూచి మొదట నవ్వును, పిమ్మట ఆశ్చర్యపడును, తుదకు వారి మార్గమునే త్రొక్కును. నామ్ జూన్ పైక్ అట్టివారిలో నొకడు.

అతడు 1932వ సంవత్సరమున కొరియా దేశపు సియోల్ నగరమున జన్మించెను. బాల్యముననే పియానో నేర్చెను. 1950లో కొరియా యుద్ధము రాగా అతని కుటుంబము ఇల్లు విడిచి, హాంకాంగు మీదుగా జపాను చేరెను. టోక్యో విశ్వవిద్యాలయమున చదువు ముగించి, 1956లో సంగీత విద్యకై అతడు జర్మనీకి పోయెను. అచట 1958లో జాన్ కేజ్ అను అమెరికా సంగీతవేత్తతో పరిచయమయ్యెను. లోకమందలి ఏ ధ్వనియైనను సంగీతమునకు పనికివచ్చునని కేజ్ మతము. ఆ మాట పైక్ జీవితమునే మార్చివేసెను.

నాటినుండి అతని పోకడలు చిత్రముగా నుండెను. 1960లో కొలోన్ నగరమున పియానో వాయించుచు, నడుమ చటాలున లేచి, సభికులలో కూర్చున్న కేజ్ కడకు పోయి, అతని మెడలోని టైని కత్తెరతో కత్తిరించెను! 1962లో మఱియొక సభయందు ఫిడేలును మెల్లమెల్లగా పైకెత్తి, ఒక్క పెట్టున బల్లపై కొట్టి ముక్కలు చేసెను. జనులు అతనిని పిచ్చివాడనిరి.

కాని ఆ దినములలోనే ఆ పిచ్చివాడు, ఎవరికిని తెలియకుండ, మిక్కిలి వివేకమైన పని యొకటి చేయుచుండెను. కొలోన్ నగరపు వెలుపల ఒక గది అద్దెకు తీసికొనెను. తన గ్రంథములన్నిటిని కట్టిపెట్టి తాళము వేసెను. టెలివిజను విద్యను, భౌతికశాస్త్రమును బోధించు పుస్తకములను మాత్రము వెలుపల నుంచుకొనెను. పాత టెలివిజను పెట్టెలను కొని తెచ్చి, రేయింబవళ్లు చదువుచు, చేతులతో పని నేర్చుచు కాలము గడపెను. ముప్పది యేండ్ల సంగీతకారుడు మరల బడిపిల్లవాడయ్యెను.

సంగీతకారునకు టెలివిజనుతో పనియేమి? ఆ పెట్టె తాను చెప్పునదే గాని, ఒరులు చెప్పునది వినదు. వీణ యట్లు కాదు. మీటినవాని మనస్సును బట్టి పలుకును. టెలివిజనును వీణవలె మీట వచ్చునా యని పైక్ తలచెను.

ఆ తలపు సామాన్యమైనది కాదు. ఆ పెట్టె అందమైన కొయ్యతొడుగులో దాగిన పిడుగు. గోడనుండి వచ్చు విద్యుత్తు 220 వోల్టులే; కాని చిత్రనాళమునకు చేరు విద్యుత్తు, నలుపు తెలుపు పెట్టెలో సైతము, దాదాపు 15,000 వోల్టులు. నాళపు గాజుకు లోపలను వెలుపలను విద్యుత్తును ప్రసరింపజేయు పూతలుండును. నడుమ గాజు అడ్డమై యున్నందున, ఆ నాళము కుండ నీటిని నిలుపుకొనునట్లు విద్యుత్తును నిలుపుకొనును. మీట కట్టినను, తీగ గోడనుండి ఊడదీసినను, ఆ విద్యుత్తు వెంటనే పోదు. దీపమారినది గదా యని లోన చేయి పెట్టినవాడు మోసపోవును. ఆ కాలపు ఐరోపా పెట్టెలలో అనేకములందు లోపలి ఇనుప చట్రమే గోడ విద్యుత్తుతో సూటిగా కలిసియుండెడిది. ఒక చేత చట్రమును, వేఱొక చేత మఱియొక లోహమును తాకినచో విద్యుత్తు గుండె మీదుగా పోవును. అందుచేతనే అనుభవజ్ఞులైన పనివారు ఒక చేయి జేబులో నుంచుకొని పనిచేయుట అలవరచుకొనిరి. ఇంతేకాదు, నాళములో గాలి లేదు. వెలుపలి గాలి ప్రతి చదరపు సెంటీమీటరును ఒక కిలోగ్రాము బరువుతో నొక్కుచుండును. గాజు పగిలిన ముక్కలు బాణములవలె ఎగురును.

ఇట్టి పెట్టెను కేవల సాహసముతో తెఱచువాడు మూర్ఖుడు. పైక్ ముందు చదివి, పిమ్మట తెఱచెను.

1963 మార్చి నెలలో వుప్పర్టాల్ నగరమందలి పర్నాస్ చిత్రశాలలో అతని ప్రదర్శన జరిగెను. ద్వారముపై అప్పుడు కోసిన ఎద్దు తల వ్రేలాడుచుండెను! లోపల పియానోలతోపాటు దాదాపు పన్నెండు టెలివిజను పెట్టెలు. ఒకదానిని రేడియోతో కలిపెను. ధ్వని హెచ్చిన కొలది తెఱపై వెలుగు బిందువు పెద్దదగును. వేఱొకదానికి మైక్రోఫోను తగిలించెను; చూపరి నోరు విప్పి పలుకగా తెఱ చిందులు వేసెను. వినని పెట్టె వినసాగెను!

ప్రదర్శనశాలకు తెచ్చునప్పుడు రెండు పెట్టెలు చెడిపోయెను. ఒకదానిలో చిత్రమంతయు కుంచించుకొని ఒకే వెలుగుగీత మిగిలెను. ఎలక్ట్రానుల ధారను మీదికి క్రిందికి నడుపు శక్తి నశించుటయే కారణము. ఇతరులైన దానిని పాఱవేసియుందురు. పైక్ ఆ పెట్టెను ప్రక్కకు త్రిప్పి నిలువగీతగా చూపెను. ఆ ఒక్క గీత నేడు అతని పేరొందిన కళాఖండములలో నొకటి.

ఆ పిమ్మట అతడు టోక్యోలో షూయా అబే అను ఇంజనీరు చెలిమి సంపాదించి, తనకు రాని విద్యను గర్వము విడిచి నేర్చెను. 1965లో మఱింత చిత్రము జరిగెను. పైక్ ఒక పెట్టెపై పెద్ద గుఱ్ఱపులాడపు అయస్కాంతమును ఉంచెను. అయస్కాంతము ఎలక్ట్రానుల ధారను వంచగా, తెఱపై వెలుగు పువ్వువలె విచ్చుకొనెను. పెట్టె తెఱువనక్కఱలేదు, పిడుగును తాకనక్కఱలేదు. లోపలి రహస్యము నెఱిగినవాడు వెలుపల నుండియే దానిని ఆడించెను.

1971లో షార్లట్ మూర్మన్ అను సెల్లో విదుషికై అతడు మూడు తెఱలను ఒకదానిపై నొకటి పేర్చి వాద్యముగా చేసెను. ఆ పెట్టెల లోపలి భాగములు పారదర్శకములైన ప్లాస్టిక్ గోడల వెనుక అందఱికిని కనబడుచుండెను. ఎవరి చేతికిని అందవు.

2006లో మయామీలో పైక్ కన్ను మూసెను. అట్టి పెట్టెలు నేటికిని కొన్ని యిండ్ల అటకలపై పడియున్నవి. వానిని చూచి ముచ్చటపడవచ్చును, విప్పరాదు. పైక్ టై కత్తిరించిన కథ విని నవ్వుట సులభము. అతడు తన గ్రంథములకు తాళము వేసి, తిరిగి మొదటి పాఠము చదివిన గదిని జ్ఞప్తియందుంచుకొనుట మేలు.