నేల మీద రాసుకున్న ఇళ్లు: డిస్ట్రిక్ట్ సిక్స్

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగర మధ్యభాగంలో, ఒకప్పుడు మెథడిస్టు చర్చిగా ఉండిన భవనంలో 1994 డిసెంబరులో తెరిచిన డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియంలోకి వచ్చే సందర్శకులు నేరుగా ఒక పటం మీదికే నడుస్తారు. నేలంతా పరచిన ఆ పటంలో, కూల్చివేతకు గురైన డిస్ట్రిక్ట్ సిక్స్ పేటలోని వీధులు గీసి ఉండగా, ఒకప్పుడు అక్కడ కాపురమున్నవారు వచ్చి, నేల మీదికి వంగి, తమ ఇల్లున్న చోటు వెతుక్కుని, కుటుంబం పేరు తమ చేతిరాతతోనే రాసి వెళ్లారు.

1867లో నగరపు ఆరో పురపాలక విభాగంగా ఏర్పడడం వల్ల ఆ పేరు పొందిన ఈ పేటలో బానిసత్వం నుంచి విముక్తులైనవారు, చేతివృత్తులవారు, కూలీలు, వర్తకులు, వలస వచ్చినవారు ఇరుగుపొరుగుగా బతికారు. ఎవరు ఎక్కడ నివసించాలో జాతిని బట్టి నిర్ణయించే గ్రూప్ ఏరియాస్ చట్టం 1950లో రాగా, దాని కింద 1966 ఫిబ్రవరి 11న ప్రభుత్వం ఈ పేటను తెల్లజాతివారికి మాత్రమే కేటాయించింది. 1968లో మొదలైన తరలింపులు 1980ల ఆరంభం దాకా సాగి, సుమారు 60,000 మందిని నగరానికి దూరంగా ఉన్న కేప్ ఫ్లాట్స్ అనే ఇసుక మైదానానికి చేర్చాయి. ఇది మురికివాడ అని అధికారులు వాదించారు. ఇరుకు గదులు, మరమ్మతు పట్టని యజమానులు ఉన్నమాట నిజమే. అయితే పాత ఇంటిని బాగుచేయడానికి ఇంట్లోవాళ్లను జాతులవారీగా విడదీయవలసిన పని లేదు.

మ్యూజియంలో వేలాడే పాత వీధుల పేరుపలకలకు ఒక కథ ఉంది. కూల్చివేత పనులను పర్యవేక్షించిన వ్యక్తి, వాటిని పారవేయకుండా ఏళ్ల తరబడి తన ఇంట్లోనే దాచి ఉంచినందువల్ల, హ్యానోవర్ స్ట్రీట్ వంటి పేర్లు నేడు మళ్లీ చదవడానికి వీలవుతోంది. మరోపక్క ఉన్న పొడవాటి తెల్లగుడ్డ మీద పూర్వ నివాసులు, సందర్శకులు పెన్నుతో రాసిన పేర్లను, చెరిగిపోకుండా, దారంతో కుట్టి నిలబెట్టారు. రాత మీదుగా సూది నడిచిన ఆ గుడ్డ ఏ శిలాశాసనానికీ తీసిపోదు.

పెద్దలు తలచుకునేవి చేపల బజారు, బట్టలుతుక్కునే ఉమ్మడి వాష్‌హౌస్, స్టార్, అవలాన్ అనే బయోస్కోపులు (సినిమాహాళ్లు), పేటకు గుర్తుగా నిలిచిన ఏడు మెట్లు. అయితే జ్ఞాపకానికి తీపిని మాత్రమే దాచుకునే గుణం ఉంది. 1901లో ప్లేగు వ్యాపించినప్పుడే నల్లజాతి ఆఫ్రికన్లను ఈ పేట నుంచి బలవంతంగా ఎన్‌డాబేని అనే చోటికి పంపివేశారు. అందరూ కలిసిమెలిసి ఉన్నారనే కథలో ఈ తొలి వెళ్లగొట్టడాన్ని మరువకపోవడమే న్యాయం.

బయట, టేబుల్ పర్వతం వాలులో, మసీదులు, చర్చీలు తప్ప దాదాపు అంతా నేలమట్టమైన ఆ స్థలం చాలాకాలం గడ్డి మొలిచిన బయలుగానే ఉండిపోయింది. జాతి వివక్ష చట్టాల వల్ల భూమి పోగొట్టుకున్నవారికి దాన్ని తిరిగి ఇప్పించే చట్టం 1994లో రాగా, పేటను లాక్కున్న తేదీనాడే, అంటే 2004 ఫిబ్రవరి 11న, ఎనభై ఏళ్లు దాటిన ఇద్దరు వృద్ధులకు నెల్సన్ మండేలా కొత్త ఇళ్ల తాళంచెవులు అందించారు. హక్కు కోరి దరఖాస్తు పెట్టినవారిలో ఎందరో ఆ తాళంచెవి చేతికి రాకుండానే కన్నుమూశారు.